పది దేశాలు కలిసి భూమిని గమనించాలంటే ఒప్పందం ఎలా రాయాలి

అనంతపురంలో సివిల్స్‌కు, పీజీకి చదివే పిల్లలకు నేను ఏటా ఒక పని పెడతాను. పది దేశాలు కలిసి భూమిని గమనించే ఉమ్మడి వ్యవస్థ పెట్టుకుంటున్నాయి అనుకోండి, వానలు, వరదలు, నేలలో పదును, సముద్రం వేడి అన్నీ కలిసి చూసి అందరూ వాడుకోవాలి, దానికి ప్రభుత్వాల మధ్య ఒప్పందం ముసాయిదా రాసుకు రండి అంటాను. దాదాపు ప్రతి జట్టూ సంస్థకు ఒక పెద్ద పేరు, ఆఫీసు ఏ నగరంలో ఉండాలి, అధ్యక్షుడు ఎవరు అన్నవాటితో మొదటి పేజీ నింపుకొస్తుంది. శాటిలైట్ చెడిపోతే ఆ రోజు ఎవరు ఏం చేయాలన్నది మాత్రం ఎక్కడా కనపడదు. నా లెక్కలో ఆ ఒక్క పేజీ గట్టిగా ఉంటే మిగతావి సర్దుకోవచ్చు, అది లేకపోతే మిగతావి ఎంత అందంగా రాసినా మొదటి దెబ్బకే పడిపోతాయి. అందుకే ఈ పని ఏ వరసలో చేయాలో నాకు తెలిసినంత రాస్తున్నా. రేపు మీలో ఎవరో ఒకరు విదేశాంగ శాఖలోనో ఇస్రోలోనో కూర్చుని నిజంగానే ఇలాంటిది రాయాల్సి రావచ్చు.

మన ప్రాంతం వాళ్లకు ఇందులో ఒక లాభం ఉంది. టీబీ డ్యాం, అంటే తుంగభద్ర డ్యాం మీద బతికేవాళ్లం కాబట్టి ఉమ్మడి ఆస్తిలో వాటా అంటే ఏమిటో, కాలవ చివరన ఉన్నవాడికి ఆ వాటా ఎలా చేరుతుందో, ఎలా చేరదో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. కింద చాలా చోట్ల ఆ పోలికే వాడతాను.

ముందు అవసరం రాయండి, శాటిలైట్ పేరు తర్వాత

కాగితం మీద ఏ ఉపగ్రహం పేరూ రాయకుండా మొదలుపెట్టండి. మా ఉరవకొండ వైపు రైతు జూన్, జూలైలో అడిగే ప్రశ్న ఒకటే: శెనక్కాయ విత్తడానికి పదును ఉందా, విత్తాక ఎన్నాళ్లు నిలుస్తుంది? జిల్లా మొత్తానికి ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడే వానలో ఎంత పడింది అన్నదానికంటే ఎప్పుడు పడింది అన్నదే ఆయనకు ముఖ్యం. ఈ ప్రశ్నను పట్టుకుని నాలుగు అంకెలు రాబట్టాలి. ఎంత చిన్న తావు విడిగా కనపడాలి, ఎన్ని రోజులకోసారి చూడాలి, చూసిన ఎన్ని గంటల్లో చేతికి రావాలి, ఎన్నేళ్లు తెగకుండా సాగాలి. నాలుగో అంకెను అందరూ మర్చిపోతారు. కానీ కరువు మారుతోందా లేదా చెప్పడానికి ముప్పై ఏళ్ల వరస కావాలి, మూడేళ్ల వరసతో ఏమీ తేలదు.

ఈ అంకెలు చేతిలో ఉంటే ఏ పరికరం పనికొస్తుందో అదే తేలిపోతుంది. భూమ్యాకర్షణలో తేడాలను బట్టి భూగర్భజలాన్ని అంచనా కట్టే గ్రేస్ ఉపగ్రహాల జత 2002లో వెళ్లింది, దాని వారసుల జత 2018లో. వాయవ్య భారతంలో నీటిమట్టం ఎంత వేగంగా పడిపోతోందో 2009లో ప్రపంచానికి చూపించింది ఆ లెక్కే, గొప్ప పని. కానీ అది చూసే తావు వందల కిలోమీటర్ల వెడల్పు, చూసేది నెలకోసారి. మా మండలంలో బోరు ఎండుతుందా లేదా అది చెప్పలేదు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 జత 10 మీటర్ల తావును 5 రోజులకోసారి చూస్తుంది, అయితే జూలైలో మబ్బు అడ్డం. మబ్బును దాటి చూసేది రాడార్. మన ఇస్రో, అమెరికా నాసా కలిసి చేసిన నిసార్ రాడారే, అది 12 రోజులకోసారి అదే చోటికి వస్తుంది, నేల పైపొర తడిని పట్టగలదు, లోతున వేరు దగ్గర ఏముందో మళ్లీ వేరే లెక్క కట్టాలి. అంటే ఏ ఒక్కటీ చాలదు, మూడు నాలుగు దేశాలవి కలిపితేనే రైతు ప్రశ్నకు జవాబు వస్తుంది. దేశాల మధ్య ఒప్పందం ఎందుకు అని ఎవరైనా అడిగితే చూపించాల్సింది ఇదే, మీ ముసాయిదాకు పీఠికగా కూడా ఇదే సరిపోతుంది.

ప్రపంచ వాతావరణ సంస్థ ఎన్నో ఏళ్లుగా ఇదే పద్ధతిలో పోతోంది. పరికరాల ఊసు లేకుండా అవసరాల జాబితా ఒకవైపు, ఏ దేశం ఏం కొలుస్తోందన్నది ఇంకోవైపు పెట్టి, మధ్యలో మిగిలిన ఖాళీని చూపిస్తుంది. వాతావరణ మార్పు విషయంలో ఈ పని 1992లో మొదలైన జీకాస్ (ప్రపంచ వాతావరణ పరిశీలన వ్యవస్థ) చేస్తుంది, తప్పక కొలవాల్సిన అంశాలని 50కి పైగా గుర్తించింది. మీరు కొత్త జాబితా తయారు చేయకండి, వాటిలోంచి మీ పది దేశాలకు కావాల్సినవి ఏరుకోండి.

ఇప్పటికే ఉన్నవాళ్లను చూసి రండి

కొత్త సంస్థ పెట్టే ముందు ఉన్నవి ఏమిటో చూడాలి. వాతావరణ ఉపగ్రహాలు నడిపేవాళ్లు కూర్చుని మాట్లాడుకునే సీజీఎంఎస్ 1972 నుంచి ఉంది. భూమిని చూసే ఉపగ్రహాల అంతరిక్ష సంస్థలన్నిటికీ సియోస్ అనే కమిటీ 1984లో వచ్చింది, ఇస్రో 2012లోనూ 2020లోనూ దానికి అధ్యక్షత వహించింది. మంత్రుల స్థాయిలో ప్రభుత్వాలు కలిసే జియో 2005లో పుట్టింది, దాని చిన్న సచివాలయం జెనీవాలో ఉంది, వందకు పైగా దేశాలు సభ్యులు. మీ పని వీటిలో ఏదో ఒకదాని కింద ఒక బృందంగా సాగుతుందంటే అలాగే చేయండి. కొత్త ఆఫీసు పెడితే మొదటి మూడేళ్లు ఆఫీసుకే పోతాయి. ఈ మాటకు పిల్లలు కొంచెం నిరాశపడతారు, పేరు పెట్టే అవకాశం పోతుందని. అయినా నేను వదలను.

ముడి ఎంత గట్టిగా వేయాలి

ఇక్కడ మూడు దారులున్నాయి. మొదటిది పార్లమెంట్లు ఆమోదించే గట్టి సంధి. యూరప్ వాళ్ల వాతావరణ ఉపగ్రహ సంస్థ యూమెట్‌శాట్ అలాంటిది, దాని సంధి 1986లో అమల్లోకి వచ్చింది, సభ్య దేశాలు తమ జాతీయాదాయాన్ని బట్టి డబ్బు కడతాయి, కట్టి తీరాలి. రెండోది ఎవరినీ కట్టిపడేయని స్వచ్ఛంద కూటమి, జియో అలాంటిది. వంద దేశాలు చేరడానికి కారణం అదే, ఎవరినీ గట్టిగా అడగలేకపోవడానికి కారణం కూడా అదే. మూడోది ప్రభుత్వాలను పక్కన పెట్టి అంతరిక్ష సంస్థలే సంతకాలు చేసుకునేది. పెద్ద విపత్తులు వచ్చినప్పుడు ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా ఇచ్చే అంతర్జాతీయ ఛార్టర్ ఇలా నడుస్తోంది. 1999లో యూరప్, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థలు మొదలుపెట్టాయి, ఇస్రో 2001లో చేరింది.

నా సలహా ఏమిటంటే అంతా ఒకే ముడితో కట్టకండి. నెలనెలా జీతాలు, విడిభాగాలు, తర్వాతి ఉపగ్రహం నిర్మాణం ఇవన్నీ గట్టి సంధి కింద ఉండాలి, ఎందుకంటే ప్రభుత్వం మారినప్పుడు మొదట కోతపడేది వీటికే. ఎవరి దగ్గర ఏ డేటా ఉందో చూపించే జాబితా, శిక్షణ, ప్రయోగాలు ఇలాంటివి స్వచ్ఛందంగా వదిలేయొచ్చు, అక్కడ గట్టిగా పట్టుకుంటే చిన్న దేశాలు భయపడి రావు.

ఎవరు ఏం తేవాలి

పది దేశాలూ ఒక కుండలో డబ్బు పోసి అందరూ కలిసి ఖర్చు పెట్టే పద్ధతి వినడానికి బాగుంటుంది కానీ చాలా కష్టం. తన పన్నుల డబ్బు తన దేశంలోనే ఖర్చు కావాలని ప్రతి ప్రభుత్వమూ కోరుకుంటుంది, అందులో తప్పేమీ లేదు. అందుకే ఎక్కువ ఒప్పందాల్లో డబ్బు సరిహద్దు దాటదు, పని దాటుతుంది. నిసార్ చూడండి. 2014 సెప్టెంబరు 30న సంతకాలయ్యాయి. పొడుగు తరంగాల ఎల్-బ్యాండ్ రాడార్, విప్పితే 12 మీటర్లు వచ్చే యాంటెన్నా నాసావి. అంతకంటే పొట్టి తరంగాల ఎస్-బ్యాండ్ రాడార్, ఉపగ్రహం ఒళ్లు, జీఎస్ఎల్వీ రాకెట్ మనవి. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లింది. సంతకానికీ ప్రయోగానికీ మధ్య పదకొండేళ్లకు రెండు నెలలే తక్కువ, కాబట్టి మీ ముసాయిదాలో మూడేళ్లలో ప్రయోగం అని రాసి ఎవరినీ నమ్మించకండి.

నాకు ఇంకా నచ్చిన ఏర్పాటు అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ నోవాకూ యూమెట్‌శాట్‌కూ 1998లో కుదిరింది. ధ్రువాల మీదుగా తిరిగే వాతావరణ ఉపగ్రహాల్లో పొద్దుటి పూట కక్ష్య యూరప్‌ది, మధ్యాహ్నం కక్ష్య అమెరికాది. ఒకరి పరికరాలు ఇంకొకరి ఉపగ్రహం మీద కూడా పోతాయి. ఇద్దరూ తమ ప్రజల కోసం ఎలాగూ చేయాల్సిన పనినే పూటలవారీగా పంచుకున్నారు. వాటాలు రాసేటప్పుడు ప్రతి దేశం పక్కనా ఈ ప్రశ్న వేసుకోండి: ఈ ఒప్పందం లేకపోయినా వీళ్లు ఈ పని చేసేవాళ్లా? చేసేవాళ్లే అంటే ఆ వాటా నిలబడుతుంది. కేవలం పరువు కోసం ఒప్పుకున్న వాటా బడ్జెట్ టైట్ అయిన మొదటి ఏడాదే జారిపోతుంది.

వాటాను స్థిరమైన అంకెగా రాయకండి, నిష్పత్తిగా రాయండి. టీబీ డ్యాంలో 230 టీఎంసీలు ఉంటాయని లెక్కగట్టి కర్ణాటకకు 151.49, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 78.51 అని పంచారు. కట్టినప్పుడు 133 టీఎంసీల దాకా పట్టిన డ్యాం పూడిక వల్ల ఇప్పుడు 105 దగ్గరే ఆగింది. ఆ 230 ఏ ఏడాదీ రాదని తెలుసు కాబట్టి డ్యాంను చూసే తుంగభద్ర బోర్డు ఏటా ఎంత వస్తుందో అంచనా వేసి, అదే నిష్పత్తిలో పంచుతుంది. అలా కాకుండా అంకెనే పట్టుకుని కూర్చుంటే ప్రతి సీజనూ కోర్టులోనే గడిచేది. ఉపగ్రహాల్లోనూ అంతే. నీ ఉపగ్రహం రోజుకు ఇన్ని గంటలు మా మీద తిప్పాలి అని రాస్తే బ్యాటరీ బలహీనపడ్డ రోజు గొడవ మొదలవుతుంది. పనిచేసే సమయంలో ఇంత శాతం అని రాస్తే గొడవే రాదు.

డేటా నిబంధన దగ్గర ఎక్కువ సేపు కూర్చోండి

మొత్తం ఒప్పందంలో మీ నిద్ర చెడగొట్టాల్సిన అధ్యాయం ఇది. ఒక దేశం ఇంకో దేశం భూమిని పై నుంచి చూడొచ్చా అన్న వాదన 1970, 80ల్లో బాగా నడిచింది. 1986లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఒక తీర్మానం చేసింది. చూడొచ్చు, ముందు అనుమతి అక్కర్లేదు, అయితే ఎవరి భూమిని చూశారో ఆ దేశానికి వివక్ష లేకుండా, సరైన ఖర్చుకు ఆ డేటా దొరకాలి అన్నది దాని సారం. వాతావరణ డేటా మీద 1995లో ప్రపంచ వాతావరణ సంస్థ 40వ తీర్మానం చేసింది, ముఖ్యమైన డేటా ఉచితంగా, ఆంక్షలు లేకుండా ఇచ్చిపుచ్చుకోవాలని. 2021లో దాన్ని విస్తరించి రెండు అంచెలు చేశారు: తప్పక ఇవ్వాల్సినది ఒకటి, ఇస్తే మంచిదన్నది ఇంకొకటి. మీరు కూడా రెండే అంచెలు పెట్టుకోండి. మూడో అంచె పెట్టారంటే అన్నీ అందులోకే జారిపోతాయి.

ఉచితం అంటే నష్టం కదా అని ఆర్థిక శాఖ తప్పకుండా అడుగుతుంది. దానికి అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల కథ చెప్పండి. మొదటి ల్యాండ్‌శాట్ 1972లో వెళ్లింది. 1980ల్లో అమ్మకాలు ప్రైవేటు చేతికిచ్చాక ఒక్కో చిత్రం ధర వేల డాలర్లయింది, విశ్వవిద్యాలయాలే కొనలేక మానుకున్నాయి. తర్వాత ధర తగ్గించినా, బాగా అమ్ముడైన 2001లో కూడా రోజుకు సగటున 53 చిత్రాలే పోయాయి. 2008లో ఉచితం చేశారు. కొన్నేళ్లలోనే రోజుకు వేల చిత్రాలు దించుకోవడం మొదలైంది. అడవుల నరికివేత, పంటల విస్తీర్ణం, చెరువుల మీద ఇవాళ జరుగుతున్న పనిలో ఎంతో భాగం ఆ ఒక్క నిర్ణయం నుంచి వచ్చింది. యూరప్ సెంటినెల్ డేటానూ అలాగే ఇస్తోంది. మన 2023 అంతరిక్ష విధానం కూడా 5 మీటర్లు, అంతకంటే ముతక స్పష్టత ఉన్న డేటాను ఉచితంగా ఇవ్వాలంటోంది.

నిబంధనలో ‘డేటా పంచుకుంటాం’ అని రాస్తే ఏమీ రాయనట్టే. ఏ డేటా, ఏ రూపంలో, ఎన్ని గంటల్లో, ఎవరికి, తర్వాత దాన్ని వాళ్లు ఇంకెవరికైనా ఇవ్వొచ్చా అన్నవి విడివిడిగా రాయాలి. గంటల దగ్గర మొండిగా ఉండండి. 2009 అక్టోబరు 2న కర్నూల్లో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు ఇంటి పైకప్పుల మీద గడిపినవాళ్లకు గంట అంటే ఏమిటో తెలుసు. పైన కర్ణాటకలో ఎంత వాన పడిందన్నది ఆ పూట తెలిస్తే ప్రాణాలు నిలుస్తాయి, వారం తర్వాత తెలిస్తే రిపోర్టులోకి ఎక్కుతుంది. సముద్రంలో ఆర్గో వాళ్లు ఈ విషయంలో ఆదర్శం. ముప్పైకి పైగా దేశాలు వదిలిన దాదాపు 4,000 తేలే పరికరాలు పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ ఉప్పదనం, వేడి కొలిచి పంపుతాయి. ఎవరు వదిలినా 24 గంటల్లో డేటా ప్రపంచం మొత్తానికి ఉచితం. మన వైపు ఆ పని హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చూస్తుంది. పరికరం కొట్టుకుపోతూ ఒక దేశం సముద్ర పరిధిలోకి వెళ్లబోతే ఆ దేశానికి ముందే కబురు చేసే పద్ధతి కూడా పెట్టుకున్నారు, దాంతో సార్వభౌమత్వం గురించిన భయం చాలావరకు తగ్గింది. మీ ఒప్పందంలో ఇలాంటి కబురు నిబంధన ఒకటి పెట్టండి, అనుమతి నిబంధన మాత్రం పెట్టకండి.

మినహాయింపులు ఉంటాయి, సైనిక స్థావరాల దగ్గర ఏ దేశమూ ఒప్పుకోదు. అయితే ‘దేశ భద్రత దృష్ట్యా’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే అందులోంచి ఏనుగు కూడా దూరుతుంది. ఏ రకం డేటా, ఎన్నాళ్లు ఆపొచ్చు, ఆపామని ఎవరికి చెప్పాలి, గడువు దాటితే తానే తెరుచుకోవాలి, ఇవన్నీ రాయాలి. ఇంకోటి, దేశాల మధ్య గొడవ వచ్చినప్పుడు కూడా ప్రాణాలకు సంబంధించిన డేటా ఆగకూడదని విడిగా ఒక వాక్యం ఉండాలి. బ్రహ్మపుత్ర వరద డేటా మీద చైనాతో మనకు 2002 నుంచి అవగాహన ఉండేది. 2017లో డోక్లాం సరిహద్దు గొడవ నడిచిన వానాకాలంలో ఆ డేటా రాలేదని మన విదేశాంగ శాఖ చెప్పింది, స్టేషన్లకు మరమ్మతులని చైనా అంది, మరుసటి ఏడాది మళ్లీ మొదలైంది. కారణం ఏదైనా ఆ ఒక్క వానాకాలం అస్సాం వాళ్లకు తిరిగి రాదు.

నేల మీద కొలిచేవాళ్లను మర్చిపోవద్దు

శాటిలైట్ చెప్పింది నిజమో కాదో తేల్చేది కింద ఉన్న గేజి. మా ఇంట్లో దీని దెబ్బ తిన్నాం. మా నాన్న శెనక్కాయకు వాతావరణ బీమా కట్టిన ఏడు మా ఊరి దగ్గరి వాన గేజి సీజన్ మధ్యలో ఆగిపోయింది. బాగుచేయాల్సింది తాము కాదని బాధ్యులంతా ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు, చివరికి పక్క మండలం లెక్క తీసుకున్నారు, అక్కడ వాన పడింది, మా చేలో పడలేదు, బీమా రాలేదు. గేజి పెట్టడానికి డబ్బు ఉంది, దాని బ్యాటరీ మార్చడానికి మనిషి లేడు. నేను ఈ రంగంలోకి రావడానికి ఆ ఏడాదే కారణం.

ప్రపంచ స్థాయిలోనూ ఇదే జబ్బు. పేద దేశాల్లో, చిన్న దీవుల్లో వాతావరణ కేంద్రాలు దాతల డబ్బుతో పెట్టి, మూడేళ్ల తర్వాత మూలపడ్డవి ఎన్నో. దీన్ని సరిచేయడానికే 2021లో సాఫ్ అనే నిధి వచ్చింది, పరికరం కొనడంతో ఆగకుండా అది నడిచి డేటా పంపుతున్నంత కాలం డబ్బు ఇవ్వాలన్నది దాని పద్ధతి. మీ ఒప్పందంలో నేల కేంద్రాలకు డబ్బు ఇలాగే, డేటా వచ్చిన నెలలకే, నడపడానికే ఇవ్వండి. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో గాలిలోని ధూళికణాలను ఇస్రో కార్యక్రమంలో భాగంగా ఏళ్లుగా కొలుస్తున్నారు. అలాంటి చోట్ల ఓపికగా పోగైన వరసలే ఉపగ్రహం లెక్కకు సాక్ష్యం. వాళ్ల పేర్లు కూడా డేటాతో పాటు పోవాలని రాయండి, లేకపోతే కొన్నాళ్లకు వాళ్ల ఓపిక పోతుంది.

చిన్నదిగా కనపడే ఒక విషయం: రోజు ఎప్పుడు మొదలవుతుంది? మన వాన లెక్కలో ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 దాకా ఒక రోజు. ఉపగ్రహం వాన లెక్కలు ఎక్కువగా గ్రీనిచ్ అర్ధరాత్రితో, అంటే మన ఉదయం 5.30తో మొదలవుతాయి. తెల్లారుజామున ఆరుకు పడ్డ వాన ఒకరికి నిన్నటిది, ఇంకొకరికి ఇవాళ్టిది. పది దేశాలకు పది రకాల రోజులు. అనుబంధంలో ఒక్క పేరాతో దీన్ని తేల్చేయండి, లేదంటే రెండేళ్ల తర్వాత శాస్త్రవేత్తలు దీని మీదే తల పట్టుకుంటారు.

చెడిపోయిన రోజు పేజీ

ఇప్పుడు అసలు పేజీ. 2024 ఆగస్టు 10 రాత్రి టీబీ డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. డ్యాం మీద ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తి నీళ్లు వదలాల్సి వచ్చింది. వారం రోజుల్లో తాత్కాలిక గేటు దించి నిలబెట్టారు. ఆ వారం హెచ్చెల్సీ (డ్యాం నుంచి మా వైపు వచ్చే ఎగువ కాలవ) కింద ఉన్న ఊళ్లలో ఎంత టెన్షన్ పడ్డామో నాకు గుర్తుంది, వరి వేయాలా మానాలా తెలియదు. కర్ణాటక ఇంజినీర్లు, మన ఇంజినీర్లు, బోర్డు వాళ్లు ఒకే గట్టు మీద నిలబడి పనిచేశారు, అది సాధ్యమైంది 1953 చట్టం కింద ఒక బోర్డు ముందే ఉండటం వల్ల. ఆ రాత్రి కూర్చుని ఎవరి గేటు, ఎవరి ఖర్చు అని మొదటి నుంచి మాట్లాడుకోవాల్సి వస్తే ఏమయ్యేదో ఆలోచించండి.

అంతరిక్షంలో గేట్లు తరచూ తెగుతాయి. మన ఓషన్‌శాట్-2 మీద సముద్రపు గాలులు కొలిచే పరికరం 2014లో ఆగింది, యూరప్ వాళ్లు కూడా దాని మీద ఆధారపడి ఉన్నారు. ఆ స్థానంలో స్కాట్‌శాట్-1 వెళ్లింది 2016 సెప్టెంబరులో. యూరప్ రాడార్ ఉపగ్రహాలు సెంటినెల్-1 జతలో రెండోది 2021 డిసెంబరులో మూగబోయింది, దాని బదులు ఇంకోటి వెళ్లేసరికి 2024 డిసెంబరు. మూడేళ్లు. ఆ మూడేళ్లూ వరదలు ఆగలేదు.

ఇలాంటప్పుడు వాతావరణ శాఖల మధ్య ఒక మంచి అలవాటు ఉంది, చేబదులు. 1990ల మొదట్లో అమెరికా దగ్గర భూస్థిర ఉపగ్రహాలు, అంటే ఎప్పుడూ ఒకే చోటి మీద నిలిచి చూసేవి, తగ్గిపోయినప్పుడు యూరప్ తన మెటియోశాట్-3ను పడమటికి జరిపి వాళ్ల తుపాన్లను చూసిపెట్టింది. 2003లో జపాన్ ఉపగ్రహం ముసలిదైపోతే, దాని బదులు వెళ్లాల్సింది అంతకుముందే ప్రయోగంలో పోయింది కాబట్టి, అమెరికా తన గోస్-9ను పసిఫిక్ మీదుగా అటు జరిపింది. మన హిందూ మహాసముద్రం మీద కూడా యూమెట్‌శాట్ 1998లో ఒక ప్రయోగం కోసం మెటియోశాట్-5ను తెచ్చింది, ప్రయోగం అయిపోయినా అందరికీ అవసరం పడి ఆ సేవ ఒకదాని తర్వాత ఒక పాత ఉపగ్రహంతో సాగుతూ వచ్చింది. అయితే ఆ సేవ మీద ఎవరికీ హక్కు లేదు, వీలైనంత వరకు చేస్తామన్న మాటే ఉంది. ఇది మంచితనంతో నడుస్తున్న ఏర్పాటు. మీ పని దాన్ని నిబంధనగా మార్చడం.

ఆ పేజీలో ఇవి ఉండాలి. ప్రతి కొలతకూ మొదటి ఉపగ్రహం ఏది, అది ఆగితే ఎవరిది ముందుకు రావాలి, ఆ దేశం పేరుతో సహా. ఆగిందని ఎన్ని గంటల్లో చెప్పాలి. ఇక్కడ దేశాలు సిగ్గుతో దాచుకుంటాయి, అందుకని తెలియజేసినవాళ్లపై ఏ జరిమానా ఉండదని స్పష్టంగా రాయండి. చేబదులు ఇచ్చిన దేశానికి ఇంధనం, సిబ్బంది ఖర్చులో మిగతావాళ్లు ఏ నిష్పత్తిలో పంచుకుంటారు. తర్వాతి ఉపగ్రహం ఎప్పటికి సిద్ధం కావాలి; ఇప్పుడున్నది చనిపోయే దాకా ఆగకుండా, కొత్తది పాతదానితో కొన్ని నెలలు పక్కపక్కన ఎగరాలి, అప్పుడే రెండిటి లెక్కలూ పోల్చి వరస తెగకుండా చూసుకోవచ్చు. ఆ రాత్రి నిర్ణయం తీసుకునేది ఎవరు అన్నది అన్నిటికంటే ముఖ్యం. విపత్తుల ఛార్టర్‌లో అత్యవసర అధికారి డ్యూటీ వారానికో సంస్థ చొప్పున తిరుగుతుంది, ఏ అర్ధరాత్రి ఫోన్ వచ్చినా ఎత్తే మనిషి ఉంటాడు. అలాగే పెట్టండి. మంత్రుల సమావేశానికి వదిలితే తేదీ కుదిరేసరికి వరద తగ్గిపోతుంది.

ఓట్లు, కుర్చీలు, చిన్న దేశాలు

ఇది త్వరగా ముగించొచ్చు. అధ్యక్షత ఏటా తిరగాలి, సచివాలయం చిన్నగా ఉండాలి, రోజువారీ నిర్ణయాలు ఏకాభిప్రాయంతో, డబ్బు మీద మాత్రం ఓటుతో. ఉపగ్రహం లేని దేశానికీ పూర్తి కుర్చీ ఉండాలి, ఎందుకంటే ఆ దేశం తెచ్చేది నేల డేటా. వాళ్లకు శిక్షణ విడిగా రాయండి. డెహ్రాడూన్‌లో ఐక్యరాజ్యసమితి అనుబంధంగా 1995 నుంచి నడుస్తున్న కేంద్రం ఆసియా పసిఫిక్ దేశాల నుంచి వచ్చినవాళ్లకు ఇదే నేర్పుతోంది, అక్కడ వాళ్లకు సీట్లు కేటాయించినా చాలు. ఇంటర్నెట్ బలహీనంగా ఉన్న దేశాలకు డిష్ ద్వారా డేటా పంపే జియోనెట్‌కాస్ట్ లాంటి దారి కూడా ఉండాలి. ఉచితం అని చెప్పి దించుకోలేనంత పెద్ద ఫైళ్లు చూపిస్తే ఇచ్చినట్టు కాదు.

బయటికి వెళ్లే తలుపు

పదేళ్లకు రాయండి, ఐదో ఏట ఒకసారి తిరగదోడండి. జియో కూడా పదేళ్ల ప్రణాళికతోనే మొదలై తర్వాత పొడిగించుకుంది. వెళ్లిపోదలచిన దేశం రెండేళ్ల ముందు చెప్పాలి, చెప్పాక కూడా అప్పటిదాకా ఇచ్చిన డేటా వెనక్కి తీసుకోకూడదు, ఆ పాత డేటా నకళ్లు కనీసం రెండు వేరు దేశాల్లో ఉండాలి. సాంకేతిక వివరాలన్నీ ఒప్పందం ఒంట్లో పెట్టకుండా అనుబంధాల్లో పెట్టండి. పార్లమెంట్ల దాకా వెళ్లకుండా నిపుణుల కమిటీయే వాటిని మార్చుకోగలగాలి. ముసాయిదా అయ్యాక సంతకాలకు పంపే ముందు ఒకరోజు నిజంగా ఆడి చూడండి. ఒకరిని పిలిచి, ఫలానా ఉపగ్రహం ఈ రాత్రి 11 గంటలకు ఆగిపోయిందని చెప్పి కాగితం చేతికివ్వండి. ఎవరికి ఫోన్ చేయాలో అందులో వెతుక్కోవడానికి రెండు నిమిషాలు దాటితే ఆ పేజీ మళ్లీ రాయండి.